గాజుతొట్టి అడుగున ఏ మట్టి, ఏ ఇసుక?

(రైతు శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠము)



వరి, వేరుశనగల గూర్చి చెప్పవలసినవారు గాజుతొట్టిలోని చేపల గూర్చి మాట్లాడనేల యని మీలో కొందరికి తోచవచ్చును. చేపల సంగతి చెప్పుటకు మత్స్యశాఖ వారున్నారు. నేను చెప్పబోవునది ఆ చేపల క్రింద నుండు నేలను గూర్చి మాత్రమే. నీటి మొక్కలు పెంచెడి చేపల తొట్టి యనగా నాలుగు గాజు గోడల నడుమ కట్టిన వరిమడి తప్ప వేరొకటి కాదు. నీరు నిలిచిన నేల యెట్లు మారునో, ఏ మట్టి మొక్కకు తిండి పెట్టునో, ఏది కుళ్లునో మీకు నాకంటె ముందే అనుభవమున తెలిసినదే. ఆ అనుభవమునే ఇక్కడ వాడుకొనవలెను.

ఈనాడు పల్లెటూళ్లలో గూడ ఇండ్లలోను, బడులలోను చేపల తొట్లు పెట్టుచున్నారు. కొందరు యువకులు రంగు చేపలను పెంచి అమ్మి నాలుగు డబ్బులు చూచుచున్నారు. మంచిదే. అయితే ఆ తొట్లలో పెరుగునవి ఎక్కువగా విదేశపు చేపలు. పెద్దవైన పిదప, విసుగు పుట్టిన పిదప, వానిని తెచ్చి చెరువులోనో కాలువలోనో వదలుట ఒక దురలవాటు. దక్షిణ అమెరికా నుండి అలంకారము కొరకు తెచ్చిన సక్కర్ చేప నేడు మన కాలువలలో, చెరువులలో చేరి ‘దెయ్యం చేప’ యని పేరు తెచ్చుకొన్నది. వలలు చింపును, గట్లలో బొరియలు తవ్వును, కొనువాడు లేడు. 1928లో దోమల నివారణ కొరకు మన దేశమునకు తెచ్చిన గంబూసియా చేప గూడ ఊరి చిన్న చేపల రెక్కలు కొరికి, వాని గ్రుడ్లు తిని, నష్టమే కలిగించినది. దోమ పిల్లలను తినుటకు మన కాలువలలోనే తలపై వెండి చుక్క గల పాంచాక్స్ చేపలు ఉండగా ఆ చేటు తెచ్చుకొనవలసిన అవసరము లేకుండెను. కావున తొట్టి పెట్టదలచినవారు మన పరిగెలను, జీబ్రా చేపలను, పాంచాక్స్‌ను, లోచ్‌లను పెట్టుకొనుడని నా మనవి. అవి పొరపాటున కాలువలో పడినను కాలువకు క్రొత్తవి కావు.

మన చేపలు మోటువి, ఏమి వేసినను బ్రతుకును అనుకొందురు. అది సగము నిజము. చెరువులో బ్రతికిన చేప బక్కెట్టుడు నీటిలో బ్రతుకదు. చెరువులో చెడు మట్టి పిడికెడు పడినచో కోట్ల లీటర్ల నీటిలో కలసిపోవును. తొట్టిలో 100 లీటర్ల నీరుండును, అందులో 20 కిలోల ఇసుకో మట్టియో ఉండును. అడుగున వేసినది యెట్టిదో నీరును అట్టిదే అగును. నాకు తెలిసిన ఒక రైతు బిడ్డ, బడిలో ప్రదర్శనకని పత్తి చేనిలోని నల్లమట్టి తెచ్చి తొట్టి అడుగున పరచి, పైన ఇసుక వేసి, అదేరోజు 20 పరిగెలను వదలినాడు. మరునాటి సాయంకాలమునకు ఒక్కటియు మిగులలేదు. నీరు తేటగానే యున్నది. పిల్లవాడు చేపల జబ్బు అనుకొన్నాడు. జబ్బు కాదు, ఆ చేనికి అంతకు పది దినముల ముందే పురుగుమందు కొట్టియున్నారు.

ముందు నీటిలో మునిగిన నేల సంగతి చెప్పెదను. ఇది తెలిసిన మిగిలినదంతయు సులభముగా తెలియును.

వరిమడికి దమ్ము చేసి నీరు పెట్టగానే నేలలోని గాలి బయటికి పోవును. మిగిలిన ఆక్సిజనును సూక్ష్మజీవులు కొద్ది కాలములోనే వాడివేయును. పైన నున్న కొద్ది మిల్లీమీటర్ల పొర మాత్రము నీటినుండి ఆక్సిజను అందుకొని గోధుమరంగులో నుండును. దాని క్రింద నేల బూడిదరంగునకు తిరుగును. కాలితో త్రొక్కినపుడు బుడగలు వచ్చు పొర అదియే. ఆక్సిజను లేనిచోట సూక్ష్మజీవులు మొదట నైట్రేటును, పిదప మాంగనీసును, ఇనుమును, చివరకు సల్ఫేటును వాడుకొనును. ఇనుము కరిగినపుడు దానికి అంటుకొన్న భాస్వరము విడుదలయి మొక్కకు అందును. నత్రజని అమ్మోనియా రూపమున నిలుచును. సల్ఫేటు వంతు వచ్చినపుడు కుళ్లిన గ్రుడ్డు వాసన గల విషవాయువు పుట్టును. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో పనిచేసిన పొన్నంపెరుమ గారు 1972లో ఈ విషయమంతయు ఒకచోట కూర్చి వ్రాసినారు. వారు చూపిన ముఖ్య సంగతి యింకొకటి కలదు. పుల్లనేల గాని, చౌడు నేల గాని, కొన్ని వారములు నీటిలో మునిగియున్నచో రెండును తటస్థ స్థితికి, అనగా పి.హెచ్. 7 చేరువకు వచ్చును. తొట్టిలో మట్టి వాడువారికి ఇది గొప్ప ఊరట. అయితే ఆ కొన్ని వారములు ఓపిక పట్టవలెను. ఓపిక పట్టని చోటనే చేపలు చచ్చుచున్నవి.

అమెరికాలో డయానా వాల్‌స్టాడ్ అను ఆమె 1999లో ఒక గ్రంథము వెలువరించి, తొట్టి అడుగున మామూలు తోటమట్టి పొర వేసి దానిపై గులక కప్పినచో, ఖరీదైన ఎరువులు లేకయే నీటి మొక్కలు పెరుగునని, ఆ మొక్కలే చేపల మలినమును తినివేయునని చూపినారు. వరి రైతునకు ఇది వింతగా తోచదు.

ఇక తొట్టి సహజముగా కనబడుట ఎట్లు? ఊదారంగు, నీలిరంగు గులకరాళ్లు బజారులో దొరకును. వానిని గూర్చి మాట్లాడి మీ కాలము వృథా చేయను. సహజముగా నుండవలెనన్న ఒక చెరువును చూడుడు. వేసవిలో నీరు తగ్గినపుడు శిఖము వెంట నడచి పొండు. పాకాల గాని, రామప్ప గాని, మీ ఊరి చిన్న కుంట గాని, ఏదైనను సరే. వాగు వచ్చి చెరువులో పడు చోట పెద్ద గులకలు, ముతక ఇసుక పడియుండును. ఏలననగా నీటి వడి తగ్గగానే బరువైనది ముందు దిగును. ఇంకను లోనికి పోయినచో సన్న ఇసుక. కట్ట దాపున తూము చెంత మెత్తని పూడిక మట్టి. రాతి పరిమాణము ఒక్కసారిగా మారదు, మెల్లమెల్లగా మారును. రంగు మాత్రము అంతటను ఒకే తీరుగా నుండును. ఏలననగా అదంతయు ఒకే గుట్టనుండి వచ్చినది. తొట్టి చూడముచ్చటగా నుండుటకు ఇంతకంటె రహస్యము లేదు. ఒకే వాగునుండి తెచ్చిన ముతక ఇసుక, సన్న ఇసుక, నాలుగు గులకలు చాలును. నాలుగు ఊళ్లనుండి నాలుగు రంగుల రాళ్లు ఏరితెచ్చినచో అది సంత అంగడివలె నుండును.

ఇంకొక సంగతి. తెల్లని అడుగుపై చేప వెలవెలబోవును. తన్ను దాచుకొనుటకై చర్మములోని నల్లని కణములను ముడుచుకొనును. ముదురు రంగు అడుగుపై దాని చారలు, చుక్కలు నిండుగా తేలును. మన పరిగె తోక మొదటి నల్లచుక్క, జీబ్రా చేప నీలి చారలు చూడవలెనన్న గోధుమ, బూడిద రంగు ఇసుక మేలు. పాలవంటి తెల్ల ఇసుక అందమని కొనుట డబ్బిచ్చి చేప అందమును చెడగొట్టుకొనుటయే.

ఇసుకలలో మంచి చెడ్డలు చెప్పెదను. గోదావరి, కృష్ణల వంటి పెద్ద నదుల ఇసుక చాలదూరము దొర్లి వచ్చినది గావున అంచులు అరిగి నునుపుగా నుండును. తెలంగాణ వాగుల ఇసుక దగ్గరి నల్లరాతి గుట్టలనుండి వచ్చినది. కొంచెము గరుకు. అయినను చాలవరకు పనికివచ్చును. రెండింటను ముఖ్యముగా నుండునది నీటిలో కరగని పలుగురాతి పొడి. ఇల్లు కట్టువారు వాడు రోబో ఇసుక మాత్రము వలదు. అది యంత్రమున పగులగొట్టినది, ప్రతి రేణువు అంచు పదునుగా నుండును, రాతిపొడి ఎక్కువ. బొమ్మిడాయి పిల్లలు, లోచ్ చేపలు ఇసుకలో తల దూర్చి పండుకొనును. వాని పొలుసులు మిక్కిలి చిన్నవి, ఒంటిని కాపాడుటకు చాలవు. పదును ఇసుకలో ఒళ్లు గీసుకొని పుండ్లు పడును.

సముద్రపు ఇసుకలో ఉప్పును, గవ్వముక్కలును ఉండును. ఉప్పు కడిగినచో పోవును గాని గవ్వ పోదు. గవ్వ యనగా సున్నము. అది నీటిలో మెల్లగా కరగి నీటి కాఠిన్యమును, పి.హెచ్.ను పెంచుచునే యుండును. భీమునిపట్నం తీరమున నల్ల ఇసుక చూచి, ముదురు రంగు మంచిదంటిరి గదా యని తెచ్చుకొనుటకు ఆశపడకుడు. దానిలో ఇల్మనైటుతో పాటు మోనజైటు గూడ ఉండును. అది అణుశక్తికి సంబంధించిన ఖనిజము, మన ఇంటిలో నుండదగినది కాదు. రాళ్ల విషయములోను ఇదే జాగ్రత్త. కడప బండ, తాండూరు, షాబాదు బండలు చూచుటకు ముచ్చటగా నుండును, కాని అవి సున్నపురాయి. నల్లరాయి, పలుగురాయి, జహీరాబాదు వైపు దొరకు ఎర్ర లాటరైటు ముక్కలు వేసుకొనవచ్చును.

పి.హెచ్. పెరిగిన నేమి నష్టమని అడుగవచ్చును. చేపల మలము, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పుట్టును. తటస్థ నీటిలో దానిలో ఎక్కువ భాగము చేపకు అంతగా హాని చేయని రూపమున నుండును. పి.హెచ్. 7 నుండి 8కి పెరిగినచో విషరూపమున నుండు వంతు ఇంచుమించు 10 రెట్లగును. అదే చేపలు, అదే మేత, అడుగున గవ్వల ఇసుక. తేడా అంతయు అక్కడ నున్నది.

ఇసుకను పరీక్షించుట తేలిక. పొడి ఇసుక చెంచాడు గాజుపలకపై పోసి, స్నానపుగది కడుగు ఆమ్లము రెండు చుక్కలు వేయుడు. తుస్సుమని నురగ వచ్చినచో సున్నము కలదని అర్థము. ఆమ్లము చేతికి, కంటికి తగులనీయరాదు, పిల్లల చేత చేయింపరాదు. నిమ్మరసము గూడ గవ్వలపై కొంచెము నురగ తెప్పించును గాని దానిని నమ్మి తీర్పు చెప్పుటకు వీలులేదు.

రేణువు పరిమాణము గూర్చి ఒక ఉపాయము. తాపీమేస్త్రి ఇసుక పట్టు జల్లెడలో మొదట పట్టుడు. పైన మిగిలిన గులకలను వేరుగా నుంచుడు, వాగు మూల అలంకారమునకు పనికివచ్చును. క్రిందపడిన దానిని కిటికీకి కొట్టు దోమల జాలిపై మరల పట్టుడు. ఆ జాలి కన్ను ఒక మిల్లీమీటరు కంటె కొంచెము పెద్దది. జాలిపై నిలిచిన ముతక ఇసుక మొక్కలున్న చోటికి, మట్టిపై కప్పుటకు తగినది. జాలినుండి దిగిన సన్న ఇసుకను కడిగి ధూళి పోగొట్టి, లోచ్ చేపలు మసలు చోట వేయవచ్చును. మిక్కిలి సన్నని ఇసుకను మందముగా వేయరాదు. రేణువుల నడుమ సందులేక నీరు క్రిందికి దిగదు, అడుగున కుళ్లు పుట్టును. మిక్కిలి పెద్ద గులక వేసినచో మిగిలిన మేత సందులలోనికి జారి కంటికి కనబడకుండ కుళ్లును. జీబ్రా చేప గ్రుడ్లు పెట్టించదలచినవారు మాత్రము ఒక చిన్న తొట్టిలో గోలీకాయంత గులకలు పరచవలెను. ఆ చేప గ్రుడ్లు చల్లి తానే తినును. గులకల సందున పడిన గ్రుడ్లు దాని నోటికి దొరకక బ్రతుకును. దిన పరిశోధనకు గ్రుడ్లు కావలసిన ప్రయోగశాలలలోను గ్రుడ్లు జారిపడుటకు జాలి అమర్తురు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. వంటి సంస్థలలో జీబ్రా చేపపై పరిశోధన జరుగుచున్న సంగతి మీలో కొందరు వినియుందురు.

ఇప్పుడు మట్టి. నాకు ప్రియమైన విషయము గనుక కొంచెము ఎక్కువసేపు చెప్పినచో క్షమింపుడు.

ఉత్త ఇసుకలో వేరుతో తిను మొక్కలు పెరుగవు. ఇసుక రేణువు పోషక పదార్థమును పట్టియుంచలేదు. పట్టియుంచునది బంకమట్టి. రేగడి నేలలో బంక ఎక్కువ, పట్టు ఎక్కువ. ఆ లెక్కన రేగడియే మేలనిపించును. కాని రేగడి తడిసిన ఉబ్బును. ఒక్క మొక్క పీకినచో తొట్టి అంతయు బురదనీరై రెండు దినములు తేటపడదు. పైగా మన రేగడులలో చాలచోట్ల సున్నపు గులకలు కలవు. పి.హెచ్. సంగతి మునుగుటచే కొంత సర్దుకొనునని చెప్పితిని, కాని కరగిన సున్నముచే నీటి కాఠిన్యము పెరుగుట ఆగదు. ఎర్ర చెలక నేల ఇందుకు మారు. దానిలో బంక తక్కువ, ఉబ్బదు, ఇనుము సమృద్ధి. నీటి మొక్కలకు ఇనుము మిక్కిలి యవసరము. అయితే పోషకముల పట్టు తక్కువ. కావున నా అభిప్రాయము ఇది: 3 వంతులు ఎర్రమట్టి, 1 వంతు చెరువు పూడిక మట్టి కలిపిన మిశ్రమము మన ప్రాంతమున తొట్టికి సరిపోవును. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలైన పిదప పూడిక మట్టిని బండ్లకెత్తి చేలకు తోలుకొన్నవారికి దాని సత్తువ నేను చెప్పనక్కరలేదు. పట్టణపు మురుగునీరు చేరు చెరువు మట్టిని మాత్రము ముట్టకుడు. రొయ్యల చెరువుల మట్టిలో ఉప్పు, చౌటి నేలలో సోడియము ఉండును గనుక అవియు పనికిరావు. అనుమానమున్నచో మట్టి పరీక్షా కేంద్రమున లవణ పరిమాణము చూపించుకొనుడు. చీటీలో అది 1 కంటె తక్కువ యుండవలెను.

మట్టి ఎక్కడనుండి తీయవలెను? సేద్యము లేని బీడునుండి, గట్టు ప్రక్కనుండి, పైన నాలుగు అంగుళములు తీసివేసి క్రింది మట్టి తీయుడు. పురుగుమందు కొట్టిన చేను వలదు. సైపర్‌మెత్రిన్ వంటి మందులు పైరుపై మనకు కనబడనంత స్వల్ప మోతాదులోనే చేపకు ప్రాణాంతకము. తమలపాకు తోటలు, నిమ్మ, ద్రాక్ష తోటల మట్టి గూడ వలదు. ఏటేట కొట్టిన బోర్డో మిశ్రమములోని రాగి పై మట్టిలో పేరుకొని యుండును. రాగి కొంచెము కరగినను నత్తలు, చేపలు తాళలేవు. పశువుల ఎరువు, కోళ్ల ఎరువు, యూరియా పిడికెడైనను కలుపకుడు. చేనిలో మేలు చేయునది తొట్టిలో అమ్మోనియా విషమగును.

మందు ఉన్నదో లేదో తెలిసికొనుటకు ఖర్చు లేని పరీక్ష ఒకటి కలదు. రెండు బక్కెట్లు తీసికొనుడు. ఒకదానిలో సేరెడు మట్టి వేసి నీరు పోసి ఒకదినము తేరనిండు. రెండవదానిలో ఉత్త నీరు పోయుడు. రెండింటను లెక్కపెట్టి ఇరవై ఇరవై దోమ పిల్లలను వేసి మరునాడు చూడుడు. మట్టి బక్కెట్టులో చచ్చి, ఉత్తనీటిలో బ్రతికినచో ఆ మట్టి పనికిరాదు. రెండింటను చచ్చినచో తప్పు మట్టిది కాదు, నీటిది. పోల్చుటకు రెండవ బక్కెట్టు లేనిచో ఈ సంగతి తెలియదు. మేము పరిశోధనా క్షేత్రమున ఏ మందును, ఏ ఎరువును పరీక్షించినను ఒక మడి ఏమియు వేయక విడిచిపెట్టుట ఇందులకే. పరీక్ష ముగిసిన పిదప బక్కెట్లు ఎండలో కుమ్మరింపుడు, దోమలను పెంచకుడు. ఇది రాగిని చూపదని గూడ జ్ఞాపకముంచుకొనుడు. రాగి విషయములో తోట చరిత్రయే మనకు ఆధారము.

తెచ్చిన మట్టిని ఎండబెట్టి, నలిపి, వేళ్లు రాళ్లు ఏరి, జల్లించి, నీటిలో నానబెట్టవలెను. తేలిన చెత్తను నీటితో పారబోసి, మరల ఎండబెట్టవలెను. ఇట్లు రెండు మూడుసార్లు చేసినచో త్వరగా కుళ్లు పదార్థము చాలవరకు ముందే కుళ్లి పోవును.

3 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తు గల తొట్టికి లెక్క చెప్పెదను. మట్టి ఒక అంగుళము, దానిపై ముతక ఇసుక ఒకటిన్నర అంగుళము. మట్టి 7 లీటర్లు, ఇసుక 11 లీటర్లు పట్టును. ఆ ఇసుక తూకము 17 కిలోలు దాటును. నీరు, తడి మట్టి, ఇసుక కలిసి, గాజు బరువు గాక 125 కిలోలు పైబడును. కర్ర బల్లపై పెట్టువారు ముందు బల్ల కాళ్లు చూచుకొనవలెను. మట్టిని అంగుళమునకు మించి వేయకుడు. ఎక్కువ వేసినచో ఎక్కువ సత్తువ కాదు, ఎక్కువ కుళ్లు. తొట్టి ముందువైపు రెండు మూడు అంగుళముల వెడల్పున మట్టి లేకుండ ఉత్త ఇసుక వేసినచో మట్టి చార గాజునుండి కనబడదు. వెనుకకు కొంచెము ఎత్తుగా వాలు పెట్టవలెను. ఎడమనో కుడినో ఒక మూలను వాగు మూలగా భావించి గులకలు, ముతక ఇసుక పోసి, రెండవ మూలకు పోవుకొలది సన్నబరచుడు.

బొమ్మిడాయి పిల్లలను, లోచ్‌లను ఉంచదలచినవారికి ఈ పద్ధతి సరిపడదు. అవి రాత్రికి రాత్రి ఇసుక త్రవ్వి మట్టిని పైకి తెచ్చును. అట్టివారు అడుగంతయు రెండంగుళములు నున్నని సన్న ఇసుక పోసి, మట్టిని చిన్న మట్టి మూకుళ్లలో నింపి, పైన గులక కప్పి, మొక్కలను వానిలో నాటవలెను. మూకుడు కనబడకుండ రాయి అడ్డము పెట్టినచో చాలును. కుమ్మరి చేసిన మూకుడు కావలెను, రంగులు పూసినది వలదు. కొరమీను, మట్టగిడస, జెల్ల పిల్లలు చూచుటకు ముద్దుగా నుండును గాని నాలుగు నెలలలో పరిగెలన్నిటిని మ్రింగును. అవి వేరు తొట్టి చేపలు.

మొక్కలకు దూరము పోనక్కరలేదు. మనము వరిమడిలో కలుపని తీసిపారవేయు చిక్కిలింత కూర తొట్టి ముందు భాగమున పచ్చని తివాచీవలె పాకును. మడి గట్లపై నుండు బకోపా, మడిలోని రోటాలా నీటిలోనే పెరుగగలవు. కాలువలలోని వాలిస్నేరియా పొడవాటి ఆకులు వెనుకవైపునకు తగినవి. కలుపు మొక్కను డబ్బిచ్చి కొను కాలము వచ్చినదని నవ్వకుడు, నగరములలో వీనిని కట్టలు కట్టి అమ్ముచున్నారు. మొదటి దినమే వీలైనన్ని మొక్కలు దట్టముగా నాటవలెను. వరి వేరు వలెనే ఈ మొక్కల వేళ్లును ఆకులనుండి ఆక్సిజనును క్రిందికి తెచ్చి తమ చుట్టు నేలకు అందించును. పీకి చూచినచో వేరుపై తుప్పురంగు పూత కనబడును. అది ఆరోగ్య లక్షణము. వేరు నల్లబడి వాసన కొట్టినచో నేల చెడినదని గ్రహింపవలెను.

నాటిన వెంటనే చేపలను వదలరాదు. నాలుగు నుండి ఆరు వారములు ఆగవలెను. ఈలోగా మట్టి తటస్థమగును, అమ్మోనియాను మార్చు సూక్ష్మజీవులు ఇసుకపై స్థిరపడును. మొదటి రెండు వారములు వారమునకు రెండుసార్లు సగము నీరు మార్చుడు. ఆ నీరు కూరగాయ మొక్కలకు పోయవచ్చును. పిదప రెండు మూడు పరిగెలను వదలి, పది దినములు చూచి, మిగిలినవి వదలవలెను. ఉదయమున చేపలు పైకి వచ్చి నోరు తెరచుచున్నచో, మేత ఆపి నీరు మార్చుడు.

ఇసుకలోనుండి అప్పుడప్పుడు బుడగలు వచ్చుట వరిమడిలో వలెనే సహజము, భయపడకుడు. కుళ్లిన గ్రుడ్డు వాసన వచ్చినచో మాత్రము సన్నని వెదురు పుల్లతో అక్కడక్కడ మెల్లగా గ్రుచ్చి వాయువును వదలింపవలెను, ఒకేసారి అంతట కెలుకరాదు. మన కాలువలలో దొరకు పొడుగాటి శంఖువంటి చిన్న నత్తలను పదింటిని వేసినచో అవి ఇసుకలోనే మసలుచు దున్నిపెట్టును. జీతము లేని పాలేళ్లు.

కావలసిన చేపలను, ఇసుకను తెచ్చుకొనుటలో హద్దు పాటింపవలెను. తొలకరి వానలకు చేపలు కాలువలనుండి మడులలోనికి ఎదురెక్కి గ్రుడ్లు పెట్టును. ఆ నెలలలో పట్టుట ఒక్క చేపను గాక వంద పిల్లలను పట్టుటయే. పది చేపలు కావలసినచో వేసవికి ముందు పదింటిని పట్టుడు, బక్కెట్టు నింపుకొని రాకుడు. ఇసుక తవ్వకములపై 2002 నాటి జల, భూ, వృక్ష సంరక్షణ చట్టము క్రింద ఆంక్షలు కలవు. ఇంటి తొట్టికి రెండు బక్కెట్లు చాలును. ఇల్లు కట్టుకొను పొరుగువాని ఇసుక కుప్పనుండి అడిగి తెచ్చుకొన్నచో వాగు దాక పోవలసిన పనియే లేదు. ఆ ఇసుకలో సిమెంటు కలియలేదని చూచుకొనుడు.

రెండు మూడేండ్లకు మట్టిలోని సత్తువ తగ్గి మొక్కలు పాలిపోవును. అప్పుడు తొట్టి అంతయు విప్పనక్కరలేదు. ఎర్రమట్టిని రేగిపండంత ఉండలు చేసి ఎండబెట్టి, వేళ్ల దాపున ఇసుకలో ఒక్కొక్కటిగా వ్రేలితో దిగనొక్కవచ్చును. తొట్టి విప్పవలసి వచ్చినపుడు, పాత మట్టిని, మొక్కలను, నత్తలను కాలువలో పారవేయక, ఎండలో ఆరబెట్టి పెరటిలోని వంగ, బెండ పాదులకు వేయుడు.